ఛాతీ నొప్పి: ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

తెల్లవారుజామున పాలు పితికేటప్పుడో, క్యాను ఎత్తేటప్పుడో ఛాతీలో నొప్పి వస్తే, మనలో చాలామంది గ్యాసు అనుకొని సోడా తాగి, ముందు కేంద్రంలో పాలు పోసి రావాలని చూస్తారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే, ఆలస్యమైన కొద్దీ ఆ కండరం చచ్చిపోతుంది.

ఈ గుర్తులు కనబడితే అనుమానించాలి:

1. ఛాతీ మధ్య బరువు పెట్టినట్లు, బిగబట్టినట్లు నొప్పి. కొద్ది నిమిషాలు కూర్చున్నా తగ్గకపోవడం.
2. నొప్పి చేతికి, దవడకు, వీపుకు ప్రాకడం.
3. చల్లని చెమటలు, ఆయాసం, వాంతి, కళ్ళు తిరగడం.

మధుమేహం ఉన్నవారికి, స్త్రీలకు, వృద్ధులకు నొప్పి లేకుండానే ఆయాసం, విపరీతమైన నీరసం రావచ్చు. నొక్కితే పుట్టే నొప్పి కండరాలది కావచ్చు; కాని ఆ సంగతి డాక్టరే తేల్చాలి.

వెంటనే పని ఆపి కూర్చోవాలి. 108కి ఫోను చేయించాలి. నడిచి పోరాదు, సొంతంగా బండి నడపరాదు. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి చూస్తారు. గడ్డను కరిగించే మందు మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది. 12 గంటలు దాటితే ప్రయోజనం చాలా తక్కువ.

ఒక పూట పాలు పోయకపోతే పోయేది ఆ పూట డబ్బే.