నాణెములపై జంతువులు

నారాయణపేట జిల్లాలోని కోస్గి వంటి మెట్ట ప్రాంతమున నాగటిచాలులో పాత నాణెము దొరకినచో, చూచువారు మొదట అడుగునది అది ఏ లోహమని. చరిత్రకారుడు మొదట చూచునది దానిపై బొమ్మను. చదువు కొందరికే పరిమితమైన కాలమున, లిపి తెలియని రైతునకు సంతలో నాణెముపై నమ్మకము కలిగించినది ఆ బొమ్మయే. అందులకు రాజులు తరచుగా జంతువులనే ఎన్నుకొనిరి.

శాతవాహనుల సీసపు నాణెములపై తొండమెత్తిన ఏనుగు కానవచ్చును. వెనుకవైపు నాలుగు వలయముల ఉజ్జయినీ చిహ్నము ఉండును. సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్, జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో శాతవాహన నాణెములు విశేషముగా లభించినవి. వారి పిదప నాగార్జునకొండ లోయను ఏలిన ఇక్ష్వాకులు ఏనుగునే నిలుపుకొనిరి. వంశము మారినను, ప్రజలకు అలవాటైన గుర్తు మారలేదు. విష్ణుకుండినులు మాత్రము సింహమును ముద్రించి, వెనుకవైపు దీపస్తంభముల నడుమ కలశమును ఉంచిరి.

పాలమూరు సీమ నొకప్పుడు ఏలిన కల్యాణి చాళుక్యుల లాంఛనము వరాహము. వారి జ్ఞాతులైన వేంగీ చాళుక్యులకును అదియే లాంఛనము. 11వ శతాబ్దిలో శక్తివర్మ, రాజరాజనరేంద్రులు వేయించిన పలుచని బంగారు నాణెముల నడుమ వరాహము నిలిచియున్నది. అవి బర్మాలోని అరకాను తీరమునందును దొరకుటచే, మన నావికుల వర్తకము ఎంత దూరము సాగెనో తెలియుచున్నది. క్రమముగా బొమ్మ పేరే నాణెమునకు పేరైనది. వరాహము లేని బంగారు కాసును గూడ జనులు ‘వరహా’ యనిరి.

వృషభము కథ ఇంకను పాతది. కుషాణరాజు విమ కడ్‌ఫైసిస్ బంగారు నాణెములపై శివుని వెంట వృషభము నిలిచియున్నది. పల్లవుల నాణెములపైనను వృషభము కలదు. ఆ వృషభ శబ్దమునుండి పుట్టినదే ‘బసవ’ శబ్దము. 12వ శతాబ్దిలో కల్యాణమున బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన బసవేశ్వరుడు ఆ పేరు వహించినవాడే.

ఇట్టి నాణెమును కరగించినచో మిగులునది చిటికెడు లోహము. పోవునది ఒక కాలపు సాక్ష్యము. చింతపండుతో తోమినను అక్షరములు, బొమ్మలు అరిగిపోవును. దొరకిన చోటును, లోతును, పక్కనున్న కుండపెంకులను గూడ గుర్తుంచుకొనవలెను. 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి, భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. దాచినవాడు తన హక్కును కోల్పోవును. తెలిపినవాని నిధిని ప్రభుత్వము తీసికొనదలచినచో, లోహపు విలువకు ఐదవ వంతు చేర్చి చెల్లించుటకు ఆ చట్టమున వీలున్నది. పొలములో దొరకిన చిన్న బిళ్ల ఆ ఊరి చరిత్రలో ఒక పుట. దానిని చింపక అందించుట ఆ ఊరివారి ధర్మము.