వంటపుస్తకానికి మిరపకాయ పరీక్ష

వంటపుస్తకం కొనేముందు అందులో పచ్చళ్ల పుట తెరిచి, మిరపకాయల కొలత గమనించండి. 'ఎండుమిరపకాయలు పది' అని మాత్రమే ఉన్నచో గుంటూరు, ప్రకాశం జిల్లాల గృహిణులకు అది అరకొర సాయమే. మన గుంటూరు సన్నాలు ఘాటైనవి. తేజ రకం అంతకన్నా ఘాటు. కర్ణాటకలోని బ్యాడిగి కాయ రంగుకే గాని కారానికి పేరు పొందినది కాదు. అవే పది కాయలు ఒక ఇంట రుచి, మరొక ఇంట కడుపుమంట. రకమును, తొడిమ తీసిన తూకమును చెప్పిన పుస్తకానికే మొదటి మార్కు.

మిరప పోర్చుగీసువారితో మన దేశానికి వచ్చినది. చరకుని కాలంలో కారమనగా మిరియాలు, పిప్పళ్లు, శొంఠియే. కనుక 'ప్రాచీన ఆయుర్వేద వంట' అంటూ మిరపపొడి వేయించే పుస్తకాన్ని కొంత అనుమానించవలసినదే.

గోంగూర పచ్చడిలోని ఆమ్ల, కటు రసాలు రెండూ పిత్తాన్ని పెంచుతాయి. నెయ్యితో కలుపుకొని, చివర మజ్జిగ అన్నం తినమని చెప్పిన పుస్తకం మేలైనది. మిరపలోని కారపు పదార్థం నీటికంటె కొవ్వులోనే బాగా కరుగుతుంది మరి! ఆమ్లపిత్త రోగులకు కారం తగ్గించే మార్గం చెప్పినదా అన్నదీ చూడండి.

మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' వంటి ప్రసిద్ధ గ్రంథాన్నైనా ఈ పరీక్షకు పెట్టవచ్చు. మొదటిసారి చెప్పిన కాయలలో సగమే వేసి, మీ ఇంటికి సరిపడిన కొలతను పుట అంచున పెన్సిలుతో వ్రాసుకోండి.