నీల్ దీవికి ఒక్క రోజు: కొత్తగా గైడ్ పనిలోకి వచ్చేవాళ్ళకు

నేను శ్రీకాకుళం తీరంలో పుట్టి, విశాఖపట్నం రేవులో ఓడెక్కి, అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడినవాణ్ణి. 2024లో ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు గానీ మా వయసువాళ్ళ నోట ఇంకా పాత పేరే వస్తోంది. నా సంపాదన వయసంతా ఒకే పనిలో గడిచింది. ఒక కుటుంబాన్నో, ఒక జంటనో వెంటబెట్టుకుని తెల్లవారగానే ఓడలో నీల్ దీవికి తీసుకెళ్ళడం, సాయంత్రానికి తిరిగి ఊరు చేర్చడం. పెద్ద గుంపుల జోలికి నేను పోలేదు. జంగ్లీఘాట్‌లోని మన తెలుగు మత్స్యకార కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నారు. నాకు తెలిసింది వాళ్ళకు అందాలని ఇది రాస్తున్నాను.

1. దీవిలో వేళలన్నీ సముద్రం చేతిలో ఉంటాయి.

వచ్చేవాళ్ళు చూడాల్సినవన్నీ ఫోన్‌లో రాసుకుని వస్తారు: భరత్‌పూర్ తీరం, లక్ష్మణ్‌పూర్ తీరం, సహజంగా ఏర్పడిన రాతి వంతెన, సీతాపూర్. దీవి వైశాల్యం 14 చదరపు కిలోమీటర్ల లోపే. ఆటోలో ఈ కొస నుంచి ఆ కొసకు అరగంట పట్టదు. అందుకని ఏది ముందు చూసినా ఒకటేనని వాళ్ళ ధీమా. కానీ రాతి వంతెన దగ్గరికి ఆటు వేళే నడవగలం. పోటు వచ్చిందంటే దారిలోని బండలన్నీ నీళ్ళ కిందికి పోతాయి. భరత్‌పూర్‌లో గాజు అడుగు బోటు తిరగాలంటే మాత్రం పగడాల పైన తగినంత నీరు నిలవాలి. ఒకదానికి మంచి వేళ ఇంకోదానికి పనికిరాదు. రోజుకు రెండు ఆట్లు, రెండు పోట్లు. అవి కూడా ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా పెరిగి బాగా తీస్తుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ.

మా తాత తిథి చూడకుండా వల ముట్టుకునేవాడు కాదు. అదంతా చూస్తూ పెరిగిన నేను, గైడ్‌నయ్యాక హోటల్‌వాళ్ళు కాగితం మీద రాసిచ్చిన వరుసలోనే మనుషుల్ని తిప్పాను. ఒకసారి ఒక పెద్దావిడ కొడుకు భుజం పట్టుకుని నాచు పట్టిన రాళ్ళ మీద సగం దూరం వచ్చింది. నీళ్ళు చుట్టూ చేరుతున్నాయి. ముందుకు అడుగు వెయ్యలేక, వెనక్కి తిరగలేక అక్కడే నిలబడిపోయింది. ఇద్దరం ఎత్తుకుని ఒడ్డుకు చేర్చాం. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా ఆటుపోట్ల పట్టికలు వేస్తుంది, పోర్ట్ బ్లెయిర్ వేళలు అందులో ఉంటాయి. ముందు రాత్రి అది చూసి మర్నాటి వరుస రాసుకో. వచ్చినవాళ్ళ జాబితాలో రెండు కొట్టేయాల్సి వస్తే కొట్టేసి, ఎందుకో వివరంగా చెప్పు. కారణం చెబితే నొచ్చుకునేవాళ్ళు తక్కువ.

2. ఇక్కడ పొద్దు ముందే వాలుతుంది.

మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ గీత మన కాకినాడకు దగ్గరలోనే పోతుంది. నీల్ ఉన్నది 93 డిగ్రీల దగ్గర. సూర్యుడు ఇక్కడికి నలభై నిమిషాలు ముందే వచ్చి, అంతే ముందుగా వెళ్ళిపోతాడు. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే అస్తమయం. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు తొమ్మిదింటికి తీరిగ్గా టిఫిన్ చేసి బయలుదేరదామంటారు. అప్పటికి రోజులో మంచి భాగం అయిపోయి ఉంటుంది. వెళ్ళే ఓడ తెల్లవారాకే బయలుదేరుతుంది, తిరుగు ఓడ చాలా రోజుల్లో అస్తమయానికి ముందే కదులుతుంది కాబట్టి, లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం, సీతాపూర్‌లో సూర్యోదయం ఒక్క రోజు యాత్రలో దక్కవు. అవి కావాలంటే రాత్రి అక్కడే ఉండాలి. డబ్బు తీసుకోకముందే ఈ మాట చెప్పెయ్యి.

3. తిరుగు దారి చూసుకున్నాకే ముందుకు అడుగు వెయ్యి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కు ప్రైవేటు ఓడలో గంట, గంటన్నర. ప్రభుత్వ ఓడైతే రెండు గంటల పైనే. సముద్రం బాగుంటే ఏ చిక్కూ లేదు. మే నుంచి నైరుతి గాలులతోనూ, అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో తుఫాన్లతోనూ ఓడలు ఆగిపోతుంటాయి. 2016 డిసెంబరులో వర్దా తుఫాను పుట్టే వేళ హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందలమంది యాత్రికులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు పంపి వాళ్ళను తీసుకొచ్చింది. అందుకే విమానం ఎక్కాల్సిన రోజుకు ముందు రోజు దీవి యాత్ర పెట్టుకోవద్దని నేను పట్టుబట్టేవాణ్ణి. ఊళ్ళోకి వచ్చిన మర్నాడే దీవికి, చివరి రోజు ఊళ్ళోనే ఉన్న సెల్యులార్ జైలుకు. ఈ ఒక్క మార్పుతో ఎన్ని కుటుంబాలకు టిక్కెట్ల నష్టం తప్పిందో. వెంట ఒక పూట మందులు అదనంగా తెచ్చుకోమను. బీపీ మాత్ర గదిలో మర్చిపోయి దీవిలో రాత్రి గడపాల్సి వస్తే ఆ ఇంటివాళ్ళెవరికీ నిద్ర ఉండదు.

4. ఎక్కువమంది ఎక్కిన బోటు ఎక్కకు.

2014 జనవరి 26న రాస్ దీవికీ నార్త్ బేకూ మధ్య విహారానికి తిరిగే బోటు ఒకటి మునిగి ఇరవైమందికి పైగా పోయారు. మోయాల్సినవాళ్ళకంటే చాలామందిని ఎక్కించుకుంది. ఆ రోజు ఒడ్డున నిలబడిన మా ఊరివాళ్ళెవరూ దాన్ని మరచిపోలేదు, నువ్వూ మరచిపోవద్దు. వెంట ఉన్నది ఒక్క కుటుంబమే కాబట్టి, ఈ బోటు వద్దు, తర్వాతది ఎక్కుదాం అనే వీలు నీకుంది. లైఫ్ జాకెట్ అందరికీ నీ చేత్తోనే బిగించు. ఈత వచ్చని చెప్పేవాళ్ళకు ముందు బిగించు. మొసలి ఉందని బోర్డు పెట్టిన నీళ్ళలోకి మోకాలి లోతు కూడా దిగనివ్వద్దు. 2010లో హేవ్‌లాక్‌లో, రాధానగర్ తీరానికి దగ్గరలో, నీళ్ళలో ఉన్న ఒక విదేశీ యాత్రికురాలిని మొసలి పొట్టన పెట్టుకుంది.

5. పగడం రాయి కాదు, ప్రాణి.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. భరత్‌పూర్‌లో ఆటు వేళ పగడాల మధ్య మనుషుల్ని నడిపించాను. సముద్ర నక్షత్రాన్ని పైకి తీసి పిల్లల అరచేతిలో పెట్టాను. ఫోటో బాగా వచ్చేది, వాళ్ళు సంతోషించేవాళ్ళు, నేనూ సంతోషించేవాణ్ణి. కాళ్ళ కింద ఏదో విరిగిన చప్పుడు వినబడేది. దాని గురించి నేను ఆలోచించలేదు.

2010 వేసవిలో నీళ్ళు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడిపోయాయి. పగడపు జీవి ఒంట్లో కంటికి కనబడనంత చిన్న నాచు జీవులు ఉంటాయి. దానికి తిండీ రంగూ ఎక్కువగా వాటి నుంచే వస్తాయి. నీటి వేడి మామూలుకంటే ఒక డిగ్రీ పెరిగి వారాల తరబడి అలాగే ఉంటే పగడం వాటిని బయటికి వదిలేస్తుంది. లోపలి సున్నపు ఎముక తెల్లగా బయటపడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే చస్తుంది. ఆ ఏడు గాజు బోటులోంచి కిందికి చూసిన ఒక చిన్నపిల్ల, తాతయ్యా, వీటికి సున్నం ఎవరు వేశారు అని అడిగింది. గుండ్రని పెద్ద పగడం ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది. నేను నడిపించిన కాళ్ళ కింద విరిగినవి నా జీవితకాలంలో తిరిగి రావు. సముద్రం వేడెక్కడాన్ని ఆపడం నా చేతిలో లేదు, కాళ్ళు పెట్టనివ్వకపోవడం నా చేతిలోనే ఉండేది.

నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. మనవాళ్ళలో ఈత రానివాళ్ళు ఎక్కువ. నీళ్ళలో ముఖం పెట్టి చూస్తూ ఉండగా భయం వేస్తే కాళ్ళు కిందికి దించేస్తారు, కింద ఉన్నది పగడమే. అందుకని ముందు ఇసుక అడుగున్న చోట, నడుం లోతు నీళ్ళలో, పావుగంట తేలడం నేర్పించు. గొట్టంతో ఊపిరి తీసుకోవడం అలవాటయ్యాకే పగడాల వైపు తీసుకెళ్ళు. అలవాటు కాకపోతే గాజు బోటు చాలు. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడపు ముక్కను కూడా సంచిలో వేసుకోనివ్వద్దు. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కింద ఉన్నాయి, విమానాశ్రయంలో సామాను వెతికితే కేసవుతుంది. చట్టం మాట తర్వాత, ఆ ముక్కల మీదే రేపటి పగడం మొలుస్తుందని పిల్లలకు చెప్పు. పెద్దలకంటే వాళ్ళు ముందు వింటారు. ఆ చుట్టుపక్కల సముద్రపు గడ్డి మేసే డుగాంగ్ గురించి కూడా చెప్పు. మన ఆవు మేసినట్టే మెల్లగా మేసే ఆ జంతువు ఈ దీవుల రాష్ట్ర జంతువు. అది కనబడుతుందని మాత్రం ఎవరికీ ఆశ పెట్టవద్దు.

6. దీవి ఎవరిదో ఒకరి ఊరు.

నీల్‌లో ఊళ్ళ పేర్లు వింటే మనవాళ్ళ ముఖాలు వికసిస్తాయి: రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. ఆ ఊళ్ళు కట్టుకున్నవాళ్ళు తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీ కుటుంబాలు. 1960లలో ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. అడవి కొట్టి, మళ్ళు చేసి, కూరగాయలు పండించారు. పోర్ట్ బ్లెయిర్ బజారులో మనం కొనే వంకాయ, టమాటా, ఆకుకూరల్లో చాలా భాగం ఆ దీవివే. రాతి వంతెనను వాళ్ళు హౌరా బ్రిడ్జి అంటారు. వదిలి వచ్చిన బెంగాల్ అక్కడ ఆ రాళ్ళలో వాళ్ళకు కనబడింది.

నేను మొదటి ఏళ్ళలో అన్నం ప్యాకెట్లు పోర్ట్ బ్లెయిర్ నుంచే కట్టించుకెళ్ళేవాణ్ణి. శుభ్రత గురించి ఎవరూ వేలెత్తకూడదని. దాంతో నా వెంట వచ్చినవాళ్ళు ఆ ఊరివాళ్ళతో ఒక్క మాటైనా మాట్లాడకుండా తిరిగి ఓడెక్కారు. వాళ్ళ పొలం గట్ల మీద ఫోటోలు దిగారు, అది ఎవరి పొలమో అడగలేదు. నేనూ చెప్పలేదు. తర్వాత నీల్ కేంద్ర బజారులో ఒక బెంగాలీ అమ్మ నడిపే చిన్న హోటల్లో చేపల పులుసు, అన్నం తినిపించడం మొదలుపెట్టాను. గోదావరి జిల్లావాళ్ళు ఆ పులుసులో ఆవాల ముద్ద రుచి చూసి, ఎలా చేశావమ్మా అని చేతులతో సైగలు చేస్తూ అడిగేవాళ్ళు. ఆవిడ హిందీలో చెప్పేది. యాత్రలో వాళ్ళు ఎక్కువసేపు నవ్వింది అక్కడే.

దీవి పేరు గురించి కూడా చెప్పు. 1857లో అలహాబాద్, కాన్పూర్‌లలో తిరుగుబాటుదారుల మీద క్రూరంగా పగ తీర్చుకున్న జేమ్స్ నీల్ అనే బ్రిటిష్ సేనాని పేరు అది. హేవ్‌లాక్ కూడా అదే యుద్ధపు సేనాని. సుభాష్ చంద్రబోస్ 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. అండమాన్‌కు షహీద్ అనీ, నికోబార్‌కు స్వరాజ్ అనీ పేర్లు పెట్టారు. సరిగ్గా 75 ఏళ్ళకు, 2018 డిసెంబరు 30న, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా, హేవ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు. ఓడలో వెళ్ళేటప్పుడు ఈ కథ చెబితే, దిగాక వాళ్ళు ఇసుకను మాత్రమే చూడరు.

7. చెప్పడం ఎంత ముఖ్యమో ఊరుకోవడం అంత ముఖ్యం.

ఒక్క కుటుంబంతో రోజంతా ఉంటే, ఇచ్చిన డబ్బుకు సరిపడా మాట్లాడాలని అనిపిస్తుంది. అవసరం లేదు. చాలామంది ఇళ్ళలో భార్యాభర్తలు, తండ్రీకొడుకులు తీరిగ్గా కూర్చుని ఏళ్ళయి ఉంటుంది. నీళ్ళ ఒడ్డున వాళ్ళను కూర్చోబెట్టి నువ్వు ఆటో డ్రైవరు దగ్గరికి వెళ్ళిపో. కనబడేంత దూరంలో ఉండు, వినబడేంత దగ్గరగా ఉండకు.

8. డబ్బు మాట పొద్దున్నే తేల్చు.

ఓడ టిక్కెట్టు, ఆటో, గాజు బోటు, భోజనం, నీ రోజు కూలి: అన్నీ విడివిడిగా ఒక కాగితం మీద రాసి, బయలుదేరకముందే కుటుంబంలో పెద్దవాళ్ళ చేతికివ్వు. ఏ బోటు తిరగలేదో దాని డబ్బు వాళ్ళు అడగకుండానే తిరిగిచ్చెయ్యి. ఈ పనిలో తిరిగి వచ్చేవాళ్ళు తక్కువ. అయినా వాళ్ళు ఊరెళ్ళి చుట్టాలకు చెబుతారు, ఆ చుట్టాలు నీ ఫోన్ నంబరు అడిగి వస్తారు. నాకు సగం పని అలా వచ్చిందే. ఆటో నడిపేవాడికీ, బోటు కుర్రవాడికీ వాళ్ళ కూలి మధ్యాహ్న భోజనం వేళే ఇచ్చెయ్యి. సాయంత్రం జెట్టీ దగ్గర హడావుడిలో ఆ లెక్కలు పెట్టుకోకు. గాలి మారి ఓడ రాకపోతే, ఆ రాత్రి మీ అందరికీ పడుకునే చోటు వెతికిపెట్టేది వాళ్ళే.