కంప్యూటర్ వలకు బరువు పరీక్ష

కొత్త వంతెనపై బరువైన లారీలను నిలిపి పరీక్షిస్తారు కదా! కంప్యూటర్ నెట్‌వర్కుకూ అటువంటి పరీక్షే ఉంది. ఇక్కడ లారీలకు బదులు ప్యాకెట్లు, అనగా సమాచారపు పొట్లాలు.

‘ఐపెర్ఫ్’ అనే సాధనం రెండు కంప్యూటర్ల మధ్య ప్యాకెట్లను పంపి, సెకనుకు ఎన్ని బిట్లు చేరాయో కొలుస్తుంది. ‘టీసీపీరీప్లే’ లోగడ నమోదైన నిజమైన రాకపోకలనే మళ్ళీ నడుపుతుంది. ‘హెచ్‌పింగ్’ మనం కోరిన తీరులో ప్యాకెట్లను తయారుచేస్తుంది.

వేగం బాగుంటే భద్రత ఉన్నట్లేనా? కాదు. ‘సిన్’ ప్యాకెట్ తలుపు తట్టడం వంటిది. కంప్యూటర్ బదులిచ్చి ఎదురుచూస్తుంది. తట్టినవాడు మళ్ళీ పలకడు. ఇలాంటివారితో వరుస నిండితే నిజమైన అతిథికి చోటుండదు. 1996లో న్యూయార్కులోని పానిక్స్ సంస్థకు జరిగింది ఇదే. హెచ్‌పింగ్‌తో ముందుగా పరీక్షిస్తే ఈ బలహీనత బయటపడుతుంది.

అయితే పిల్లలూ, అనుమతి లేకుండా ఇతరుల యంత్రాలపై చేస్తే అది పరీక్ష కాదు, నేరం!