అల్లిక రెక్కల పురుగును గుర్తుపట్టడం ఎలా?

పిల్లలూ, క్వార్టర్స్‌లో ఉండే మనందరికీ కుండీల్లో మొక్కలు పెంచే అలవాటు ఎక్కువ. బదిలీ వస్తే సామానుతో పాటు లారీ ఎక్కించేయవచ్చు కదా! నేను సూరత్ వచ్చిన మొదటి ఏడాది నా మందారం చిగుళ్లకు పేనుబంక పట్టింది. ఆకుల అడుగున సన్నని తెల్ల వెంట్రుకల్లాంటివి నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క దాని కొసన ఆవగింజ కంటే చిన్న లేతాకుపచ్చ గింజ. ఏదో బూజు అనుకుని తడిగుడ్డతో తుడిచేశాను. వారం తిరిగేసరికి పేనుబంక మొగ్గల దాకా పాకింది. నేను తుడిచింది బూజు కాదనీ, ఆ పేనుబంకను తినడానికి పుట్టబోయే పురుగుల గుడ్లనీ తర్వాత తెలిసింది.

ఆ పురుగును తెలుగు వ్యవసాయ పుస్తకాల్లో అల్లిక రెక్కల పురుగు అంటారు. రెక్కల్లో ఈనెలు వల అల్లినట్టు ఉంటాయి. మగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న సూరత్‌లో ఈ పేరు మరీ నప్పుతుంది. గుజరాతీ రైతులు లీలీ పోపటీ అంటారు. లీలీ అంటే పచ్చనిది, పోపట్ అంటే చిలుక. (పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: మనం అక్షింతల పురుగు అనే చుక్కల పురుగును వాళ్లు దాలియా అంటారు, అంటే పుట్నాలు. మనకు పెళ్లి గుర్తొచ్చింది, వాళ్లకు ఫలహారం!)

పెద్ద పురుగు రాత్రిపూట వరండా ట్యూబులైటు దగ్గరికి వస్తుంది. ఒళ్లు సెంటీమీటరు పొడవు, లేతాకుపచ్చ రంగు. కళ్లు మాత్రం బంగారు రంగులో మెరుస్తాయి. మీసాలు దారాల్లా పొడవుగా ఉంటాయి. వాలినప్పుడు నాలుగు రెక్కలనూ పెంకుటింటి కప్పులా ఒంటి మీదికి వాల్చుకుంటుంది. పైగా ఆ రెక్కల్లోంచి అవతలి గోడ కనిపిస్తుంది. పచ్చదోమతో పొరబడకండి. అది బియ్యపు గింజ కంటే చిన్నది, ముట్టుకోబోతే గెంతుతుంది. మన పురుగు గెంతదు, తడబడుతూ నెమ్మదిగా ఎగురుతుంది. మనం ఎక్కువగా చూసే రకంలో పెద్ద పురుగు వేటాడదు కూడా. పూలతేనె, పుప్పొడి, పేనుబంక కార్చే తియ్యని జిగురు, ఇవే దాని తిండి.

వేటంతా పిల్లదే. దాని కథ గుడ్డు నుంచే మొదలవుతుంది. తల్లి పొట్ట కొసను ఆకుకు ఆనించి ఒక చుక్క జిగురు పెడుతుంది. పొట్ట పైకెత్తగానే ఆ జిగురు దారంలా సాగుతుంది, కొద్ది క్షణాల్లో గట్టిపడుతుంది. దాని కొసన ఒక గుడ్డు. ఎందుకింత శ్రమ? ఒక కారణం చీమలు. మరో కారణం సొంత తోబుట్టువులే! ముందు పుట్టిన పిల్ల ఆకలి మీద పక్క గుడ్డును కూడా వదలదు. చైనా, కొరియాల్లో ఈ కాడల గుడ్లను చూసి, మూడు వేల ఏళ్లకు ఒకసారి పూస్తుందని చెప్పే ఉదుంబర పుష్పాలని మురిసిన వాళ్లున్నారు. ఉదుంబరం అంటే మన మేడిచెట్టే.

మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది. గోధుమ, బూడిద రంగుల ఒళ్లు, రెండు కొసలా సన్నం, పక్కల వెంట్రుకల కుచ్చులు, తల ముందు కొడవళ్లలాంటి రెండు కోరలు. ఆ కోరలు బోలుగా ఉంటాయి. పేనుబంకను పొడిచి పైకెత్తి, లోపలికి జీర్ణరసం ఎక్కించి, కరిగినదాన్ని పీల్చేస్తుంది. మిగిలేది తొక్క. తెల్లదోమ పిల్లలను, తామర పురుగులను, పిండినల్లిని కూడా తింటుంది. పెద్దదయ్యేలోపు తినే పేనుబంక వందల లెక్కలో ఉంటుంది. కొన్ని జాతుల పిల్లలు తిన్న పురుగుల తొక్కల్నే వీపున మోసుకుంటూ చెత్తకుప్పలా కదులుతాయి.

మీరు ఊహించలేని సంగతి ఒకటి చెప్తాను. ఈ పిల్లకు పేగు చివర మూసుకుపోయి ఉంటుంది. రెక్కలు వచ్చేదాకా మలవిసర్జనే లేదు! వెనక కొస నుంచి వచ్చేది పట్టుదారం. దానితో మిరియపు గింజంత తెల్లని గూడు అల్లుకుని అందులో నిద్రపోతుంది.

పెద్ద పురుగులు జోడీని పాటతో వెతుక్కుంటాయి, కానీ ఆ పాట మన చెవికి వినపడదు. పొట్టను కిందికీ పైకీ ఊపితే ఆకు అదురుతుంది, అవతలి పురుగు ఆ అదురును కాళ్లతో పసిగట్టి బదులిస్తుంది. జాతి జాతికీ పాట వేరు. మన దేశంలోని రకాన్ని చాలాకాలం క్రైసోపెర్లా కార్నియా అన్నారు. శాస్త్రవేత్తలు ఈ పాటలనూ శరీర లక్షణాలనూ పోల్చి చూసి, ఇది క్రైసోపెర్లా జాస్ట్రోవి సిల్లెమి అని 2010లో ప్రకటించారు. మీ లైబ్రరీ పుస్తకంలో పాత పేరే ఉంటే ఆశ్చర్యపోకండి. ఇక గబ్బిలాల కూతలు వినడానికి దీనికి ముందు రెక్కల మొదట్లో, ఒక ఈనె ఉబ్బులో, చెవి ఉంది. కూత దగ్గరపడగానే రెక్కలు ముడిచి రాయిలా కిందికి పడిపోతుంది.

సూరత్‌కూ దీనికీ సంబంధం పత్తి. ప్రపంచంలో వ్యాపార సాగుకు వచ్చిన మొదటి సంకర పత్తి, హైబ్రిడ్-4, 1970లో ఇక్కడి పత్తి పరిశోధనా కేంద్రంలోనే డాక్టర్ సి.టి. పటేల్ చేతుల్లో పుట్టింది. దిగుబడి పెరిగింది, దాంతోపాటు మందుల పిచికారీ కూడా. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో తెల్లదోమ విరుచుకుపడింది. అతిగా కొట్టిన మందులు మిత్ర పురుగులను కూడా చంపడం అందుకు ఒక కారణం. ఇప్పుడు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వంటి చోట్ల ఈ పురుగును పెంచుతున్నారు. మేత ఏమిటో తెలుసా? బియ్యానికి పట్టే రెక్కల పురుగు గుడ్లు. అమ్మ డబ్బాలో చూసి విసుక్కునేది అదే!

మీ కుండీలో కాడల గుడ్లు కనిపిస్తే ఆకు తెంపకుండా, మందు కొట్టకుండా రోజూ ఒకే సమయానికి చూసి నోట్‌బుక్‌లో రాయండి. గుడ్డు మొదట ఆకుపచ్చ, తర్వాత బూడిద రంగు. పిల్ల దిగిపోయాక ఖాళీ తెల్ల పెంకు కాడ మీదే ఉండిపోతుంది. ఈ చలికాలం మా మందారం మీద పదకొండు కాడలు లెక్కపెట్టాను. నిన్నటికి ఏడింటి మీద తెల్ల పెంకులే ఉన్నాయి.