చిగుళ్ళ పరీక్ష కాగితంలోని అంకెలు

మీ ఇంటి పెద్దవారి చిగుళ్ళు పరీక్షించి డాక్టరుగారు ఇచ్చిన కాగితంలో ఒక్కొక్క పంటికి సాధారణంగా ఆరు అంకెలుంటాయి. పంటికీ చిగురుకూ మధ్యనున్న సందు లోతును, పంటి చుట్టూ ఆరుచోట్ల మిల్లీమీటర్లలో కొలిచి వేసినవే అవి. 1 నుండి 3 వరకు ఉంటే భయం లేదు. 4, 5 ఉంటే చిగురు వాచిందనో, పంటిని వదులుతోందనో అర్థం, గార తీయించాలి. 6, ఆపైన ఉంటే లోపలి ఎముక కరిగి ఉండవచ్చు. అది దానంతట తిరిగి పెరగదు.

"నొప్పి లేదు, రక్తం రావడం లేదు కదా!" అంటారు చాలామంది. ఈ జబ్బు ఎంతోకాలం నొప్పి లేకుండానే ముదురుతుంది. పైగా చుట్ట, బీడీ తాగేవారి చిగుళ్ళ నుండి రక్తం తక్కువగా వస్తుంది, అందువల్ల జబ్బు బయటపడదు. వారి విషయంలో అంకెనే నమ్మండి. చక్కెర వ్యాధి ఉంటే తప్పక చెప్పండి. రక్తం కనబడిందని బ్రష్ చేయడం మాన్పించకండి. గార తీసిన కొన్ని వారాలకు మళ్ళీ కొలుస్తారు; ఆనాడు ఈ కాగితం వెంట తీసుకురండి.