కొర్రమీనుకు మేత: గుంటలో పరిగెల సంరక్షణ



కొడవలూరు ప్రాంతంలో పెన్నా కాలువల కింద సొంత గుంట ఉన్న రైతులు అందులో కొర్రమీను పిల్లలను వదలడం మంచిదే. మార్కెట్లో దానికి మంచి ధర ఉంటుంది. అయితే కొర్రమీను గడ్డి తినే చేప కాదు. చిన్న చేపలను పట్టి తింటుంది. అవి చాలకపోతే తన జాతి పిల్లలనే మింగుతుంది. పచ్చిమేత లేనిదే పాడి లేదు, పరిగెలు లేనిదే కొర్రమీను లేదు.

లెక్క చూడండి. కొర్రమీను ఒక కిలో పెరగాలంటే కనీసం నాలుగు కిలోల చిన్న చేపలు కావాలి. వంద కొర్రమీనులు తలా అరకిలో పెరగాలంటే 200 కిలోలు ఉండాలి. ఇంత మేతను గుంటలోనే పుట్టించుకోవాలి.

చేయవలసిన పనులు

1. ముందుగా ఎకరాకు 80 నుండి 100 కిలోల సున్నం చల్లండి. తరువాత పక్షానికొకసారి 150 నుండి 200 కిలోల పచ్చిపేడ నీళ్లలో కలిపి చల్లండి. దీనివల్ల పరిగెలు తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కొద్దిగా తవుడు, వేరుసెనగ చెక్క పొడి కూడా వేయవచ్చు.

2. మొదట పరిగెలను వదలండి. అవి పిల్లలు పెట్టి గుంట నిండిన తరువాతనే కొర్రమీనును వదలాలి.

3. ఒక మూల లోతు తక్కువగా ఉంచి, కంప, తాటిమట్టలు వేయండి. తల్లి పరిగెలకు అదే దాపు.

4. నీరు వచ్చే, పోయే తూములకు సన్నకంటి వల కట్టండి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వానలకు గట్టు పొర్లకుండా చూడండి.

ముఖ్య హెచ్చరిక

మోచేతి వరకు చేయి ముంచితే అరచేయి మసకగా కనిపించాలి. అసలు కనిపించకపోతే పేడ ఆపండి. అటువంటి నీటిలో తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గుతుంది. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చి బతుకుతుంది. పరిగెలు చచ్చిపోతాయి. కొర్రమీను హుషారుగా ఉంది గదా అని మోసపోరాదు. పరిగెలనే గమనించాలి.

గేదెలకు గోమార్లు, పిడుదులు పోవడానికి పూసే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు చేపలకు విషం. మందు పూసిన పశువును గుంటలో దించకండి. ఆ డబ్బాలు, చేతులు అక్కడ కడగకండి. పురుగుమందు కొట్టిన వరిమడి నీరు కూడా రానివ్వకండి.

మేత తగ్గిందని తెలిసేదెలా?

పదిహేను రోజులకొకసారి గట్టు వెంట సన్నకంటి వల విసిరి చూడండి. పరిగె పిల్లలు పడకపోయినా, కొర్రమీను తల పెద్దదై ఒళ్లు సన్నబడినా, మేత చాలడం లేదని అర్థం. అప్పుడు పెద్ద కొర్రమీనులను కొన్ని పట్టి అమ్మివేయండి. ఉన్న మేతకు తగినన్ని నోళ్లే ఉంచాలి. ఈ సూత్రం పశువుల కొట్టంలో మనకు తెలిసినదే.

సంఘ సమావేశంలో చర్చించండి: మీ గుంటలో కొర్రమీను ఎంత, దానికి మేత ఎంత?